ఆ గ్లాసు నీళ్లు తాగొచ్చా? నగర నీటి సరఫరాపై అపోహలు - వాస్తవాలు

నేను మురుగు నీటి శుద్ధి ప్లాంటులో పనిచేస్తాను. చూడ్డానికి వచ్చినవాళ్లకు చివర్లో అక్కడే శుద్ధి చేసిన నీళ్లు ఓ గ్లాసు చేతికిస్తాం. వెలుతురుకు ఎత్తి చూస్తారు, వాసన చూస్తారు, మెల్లగా బల్ల మీద పెట్టేస్తారు. ఆ తర్వాత మొదలవుతాయి ప్రశ్నలు.

అపోహ: ఎంత శుద్ధి చేసినా మురుగు మురుగే.

నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి ఇలా శుద్ధి చేసిన నీళ్లను తాగునీటిలో కలుపుతున్నారు. సింగపూర్ 2003లో 'న్యూవాటర్' పేరుతో ఇలాంటి నీళ్ల సరఫరా మొదలుపెట్టింది. అందులో ఎక్కువ భాగం పరిశ్రమలకు పోతుంది, కొంత రిజర్వాయర్లలో కలుస్తుంది. మా దగ్గర ఆర్‌ఓ (లవణాలను వడకట్టే సన్నని పొర) దాటిన నీళ్లలో లవణాలు ఎంత తక్కువంటే, అలాగే వదిలితే సిమెంటు పైపుల్లోని సున్నాన్ని లాగేస్తాయి. అందుకని మేమే మళ్లీ కాస్త సున్నం కలుపుతాం.

నాకు టెన్షన్ ప్లాంటు గురించి కాదు, పైపుల గురించి. ఫ్లష్‌లకు, మొక్కలకు ఇచ్చే నీటిని తాగే స్థాయికి శుద్ధి చేయరు. దానికి వేరే లైను ఉంటుంది. ఒక అపార్ట్‌మెంటులో రిపేరుకొచ్చిన ప్లంబర్ ఆ లైనును వంటింటి కుళాయికి కలిపేశాడు. రెండు నీళ్లూ తేటగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మేం తనిఖీకి వెళ్లి మంచినీళ్ల వాల్వు కట్టేశాం. కుళాయిలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. అదొక్కటి మాత్రం ధారగా పోస్తూనే ఉంది. రెండు లైన్లున్న ప్రతి భవనంలో, ప్రతి రిపేరు తర్వాత ఈ పరీక్ష చేయాలి. చేసేవాళ్లు తక్కువ.

అపోహ: పక్కనే సముద్రం ఉండగా నీళ్లకు కరువేంటి?

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని విడదీయడానికి మంచి ప్లాంటులో కూడా వెయ్యి లీటర్లకు 3-4 యూనిట్ల కరెంటు కావాలి. పైగా లోపలికి తీసుకున్న నీటిలో సగానికి పైగా మరింత ఉప్పెక్కి మళ్లీ సముద్రంలోకే పోతుంది. వాడిన నీళ్లలో ఉప్పు చాలా తక్కువ, కాబట్టి కరెంటూ తక్కువే. అలాగని సముద్రాన్ని వద్దనను. వానలు ముఖం చాటేసినా అది ఎండిపోదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ 2006లో అలాంటి ప్లాంటు పెట్టుకుంది. అయినా అక్కడితో ఆగకుండా, 2017 నుంచి శుద్ధి చేసిన వాడిన నీటిని భూగర్భంలోకి కూడా ఎక్కిస్తోంది.

అపోహ: ప్రతి ఇంటికీ వాననీటి ట్యాంకు పెడితే చాలు.

వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. లెక్క బాగుంది కానీ, వాన కురిసే నెలలు వేరు, నీళ్లు లేక అల్లాడే నెలలు వేరు. ట్యాంకు ఎంత పెద్దదన్నదే అసలు ప్రశ్న. తొలివాన నీళ్లను మాత్రం వదిలేయండి, కప్పు మీది దుమ్మూ రెట్టలూ వాటితోనే పోతాయి.

అపోహ: కొత్త నీళ్లు కావాలంటే కొత్త ప్లాంటు కట్టాల్సిందే.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు, ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు, ఒక కాలనీకి వెళ్లే మెయిన్ లైను మీటరు చూడండి. ఇళ్లలో ట్యాంకులు నిండే వేళ కాకపోయినా ముల్లు తిరుగుతూనే ఉందంటే, ఆ నీళ్లలో ఎక్కువ భాగం పోయేది మట్టిలోకే. మేం మొదట వెతకాల్సిన వనరు అదే.