జర్మన్ అమ్మాయిల ర్యాప్ ఆల్బమ్ ‘టిక్ టాక్ టో’: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ర్యాప్ రాయడం, మైకు ముందు పాడటం నేర్పిస్తాను. కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా ముందు ఒక జర్మన్ ఆల్బమ్ వినిపిస్తాను. 1996లో వచ్చిన ‘టిక్ టాక్ టో’. గ్రూపు పేరూ అదే, వాళ్ళ మొదటి ఆల్బమ్ పేరూ అదే. లీ, జాజీ, రికీ అనే ముగ్గురు అమ్మాయిలు, బొగ్గు గనులకీ ఉక్కు ఫ్యాక్టరీలకీ పేరుపడ్డ రూర్ ప్రాంతం నుంచి వచ్చారు. పాటలు విన్నాక ప్రతి బ్యాచ్‌లోనూ ఇంచుమించు అవే మాటలు వినపడతాయి. అందుకే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: బ్రిటన్ అమ్మాయిల పాప్ గ్రూపు స్పైస్ గర్ల్స్‌ని చూసి తయారుచేసిన గ్రూపు.

వాస్తవం: తారీఖులు చూస్తే చాలు. వీళ్ళ మొదటి పాట ‘ఇష్ ఫిండ్ డిష్ షైసె’ 1995 చివర్లోనే వచ్చేసింది. స్పైస్ గర్ల్స్ మొదటి పాట ‘వానబీ’ బ్రిటన్‌లో విడుదలైంది 1996 జూలైలో. పోలిక కావాలంటే అమెరికా అమ్మాయిల గ్రూపు టీఎల్‌సీ దగ్గర వెతకండి.

అపోహ: జర్మన్ గరుకు భాష, ర్యాప్‌కి పనికిరాదు.

వాస్తవం: తెలుగు గురించీ ఇదే మాట నాతో ఎంతమంది అన్నారో! జర్మనీలో కూడా మొదట్లో చాలామంది ఇంగ్లీషులోనే ర్యాప్ చేసేవాళ్ళు. 1992లో ష్టుట్‌గార్ట్ కుర్రాళ్ళు ‘డీ ఫాంటాస్టిషన్ ఫియర్’ జర్మన్‌లో పాడిన ‘డీ డా’ పెద్ద హిట్ అయ్యాక ఆ అనుమానం తీరిపోయింది.

అసలు సంగతి భాషలో లేదు, పుస్తకాల భాషని తీసుకున్నామా వీధి భాషని తీసుకున్నామా అన్న దాంట్లో ఉంది. మొదటి పాట పేరే చూడండి. ‘నువ్వంటే నాకు చెత్తగా అనిపిస్తుంది’ అని, ఇంకా మోటుగా అనడం. పుస్తకాల జర్మన్‌లో రెండో మాట ‘ఫిండె’. వీళ్ళు చివరి ‘ఎ’ తీసేసి ‘ఫిండ్’ అన్నారు, రాతలో దాని చోట అపాస్ట్రఫీ పెట్టారు. ఇష్, ఫిండ్, డిష్, షై, సె. ఐదు దెబ్బలు. ఆ ‘ఎ’ ఉంచితే ఆరవుతాయి, బీట్ మీద కాలు జారుతుంది. వీధిలో మాట్లాడేటప్పుడు ఎలా మింగేస్తారో పాటలోనూ అలాగే మింగారు. మనం ‘వెళ్ళిపోతున్నాను’ని ‘ఎల్లిపోతున్నా’ అనుకున్నట్టే. పిల్లలు కాగితం మీద మొదటి రకం రాసుకొచ్చి, రికార్డింగ్ బూత్‌లో ఊపిరందక ఆగిపోతారు.

అపోహ: బూతులు తీసేస్తే ఇంకేం మిగలదు.

వాస్తవం: ‘లెక్ మిష్ ఆమ్ ఆ, బే, త్సే’ అనే పాట వినండి. ‘లెక్ మిష్ ఆమ్...’ అనగానే ఏ జర్మన్‌కైనా ఒక పచ్చి తిట్టు గుర్తొస్తుంది. తర్వాత రావాల్సిన మాట ‘ఆ’ అనే అక్షరంతోనే మొదలవుతుంది. అందరూ దానికోసం చెవులు రిక్కిస్తే వీళ్ళు ఏ, బి, సి చదివేస్తారు! జర్మన్‌లో ‘సి’ అక్షరాన్ని ‘త్సే’ అంటారు, కాలివేలునీ ‘త్సే’ అనే అంటారు. తిట్టు కాస్తా కాలివేలు దగ్గర ఆగిపోయింది. ఇంత చమత్కారం చేసి పాటలో చెప్పిందేమిటంటే, కండోమ్ లేకుండా కుదరదని ఒక అమ్మాయి అబ్బాయి మొహం మీదే చెప్పడం. క్లాసులో మొదట నవ్వుతారు. అర్థం చెప్పాక మళ్ళీ పెట్టమంటారు. ఇదే గ్రూపు మరుసటి ఏడాది, 1997లో, డ్రగ్స్ వల్ల చనిపోయిన స్నేహితురాలి గురించి ‘వారుమ్’ పాడి జర్మనీలో నంబర్ వన్‌కి వెళ్ళింది.

అపోహ: అంతా ప్రొడ్యూసరే చేశాడు, అమ్మాయిలు నిలబడ్డారంతే.

వాస్తవం: ప్రొడ్యూసర్ టోర్స్టెన్ బ్యోర్గర్, మేనేజర్ క్లౌడియా వోల్‌ఫ్రోమ్ పాత్ర పెద్దదే, కాదనను. కానీ మామూలు పాటలో స్వరం సాగదీసి తప్పు దాచుకోవచ్చు, ర్యాప్‌లో హల్లు ఆలస్యమైతే దొరికిపోతాం. ఆ విసురు, ఆ పొగరు ఎదుటివాడు రాసిచ్చినా గొంతులో రావాలి కదా.

అపోహ: ఆడవాళ్ళ గ్రూపు కాబట్టే కొట్టుకుని విడిపోయారు.

వాస్తవం: 1997 నవంబర్‌లో మ్యూనిక్ ప్రెస్‌మీట్‌లో కెమెరాల ముందే గొడవపడ్డారు, రికీ వెళ్ళిపోయింది. నిజమే. మగవాళ్ళ బ్యాండ్లు ఎన్ని విడిపోలేదు? 2006లో ఆ ముగ్గురే మళ్ళీ కలిసి ‘కమ్‌బ్యాక్’ ఆల్బమ్ చేశారన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

అపోహ: లైన్ చివర ప్రాస కుదిరితే ర్యాప్ వచ్చేసినట్టే.

వాస్తవం: నా పనిలో అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టే అపోహ ఇది. జర్మన్‌లో చాలా వాక్యాల్లో క్రియ చివరికి పోతుంది, అలా చివరికొచ్చిన క్రియ ఎక్కువగా ‘ఎన్’తో ముగుస్తుంది. తెలుగులోనూ క్రియ చివరే. అంటే రెండు భాషల్లోనూ ప్రాస ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికింది నాలుగో లైనుకే చప్పబడిపోతుంది.

ఈ ఆల్బమ్‌లోనే ఉన్న ‘ఫెర్‌పిస్ డిష్’ పల్లవిలో ఏం చేశారో చూడండి. ‘ఫెర్‌పిస్’ అంటే మర్యాద లేకుండా ‘పో ఇక్కణ్ణించి’ అనడం. దానికి జోడీగా తెచ్చింది ‘ఫెర్‌మిస్’, అంటే మనిషి లేని లోటు. తేడా ఒక్క హల్లు, ప బదులు మ. మన వర్ణమాలలో రెండూ ఒకే వరసలోవి, రెండూ పెదవులు మూసి పలికేవే. నోరు ఒకే చోట మూసుకుని, ఒకసారి గెంటేస్తుంది, ఒకసారి బెంగపడుతుంది.

మొన్న ఒక అమ్మాయి రాసుకొచ్చింది: ‘నువ్వొచ్చావు, మాటిచ్చావు, మళ్ళీ మరిచావు, నన్నే విడిచావు’. చదువుతుంటే తనకే బోర్ కొట్టిందంది. క్రియని చివర్నుంచి లాగెయ్యమన్నాను. అరగంట తంటాలు పడి, పెన్ను కొరికి, రెండు లైన్లు రాసింది:

మాటిచ్చింది నువ్వు
మరి ఎందుకా నవ్వు

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి టేక్‌లో ‘నవ్వు’ని గట్టిగా కొట్టింది. మెల్లగా అనమన్నాను. రెండో టేక్ ఉంచేశాం.