పెరెక్ భవనంలోకి అడుగుపెట్టే ముందు: అపోహలు - వాస్తవాలు

జార్జ్ పెరెక్ 1978లో ప్రచురించిన ఫ్రెంచి నవల ‘లా వీ మోద్ దాంప్లువా’. డేవిడ్ బెలోస్ ఇంగ్లీషు అనువాదం ‘లైఫ్: ఎ యూజర్స్ మాన్యువల్’ పేరుతో 1987లో వచ్చింది. కథాస్థలం పారిస్‌లో, లేని ఒక వీధిలోని 11వ నంబరు భవనం. సమయం 1975 జూన్ 23, రాత్రి ఎనిమిది కావస్తోంది. ముందు గోడ తీసేసినట్టుగా గదులన్నీ కనిపిస్తుంటాయి. మొత్తం 99 అధ్యాయాలు. సగంలో వదిలేసేవాళ్లలో చాలామందిని ఆపేది పుస్తకం కాదు, దాని గురించి విన్న మాటలు.

అపోహ: లెక్కలు రానివాళ్లకు ఇది కొరుకుడుపడదు.

లెక్కలున్న మాట నిజమే. పెరెక్ భవనాన్ని పది అడ్డం, పది నిలువు గళ్లుగా గీసుకున్నాడు. చదరంగంలో గుర్రంలా, ఏ గడినీ రెండోసారి తొక్కకుండా గళ్లన్నీ తిరిగాడు. ఒక్కో అధ్యాయంలో రావలసిన 42 అంశాలను పదో క్రమపు గ్రీకో-లాటిన్ చదరంతో, అంటే రెండేసి గుర్తుల జోడీ ఏదీ రెండోసారి రాకుండా పది అడ్డం, పది నిలువు గళ్లలో అమర్చే పట్టికతో, పంచాడు. అలాంటి చదరం అసాధ్యమని 1782లో గణితవేత్త ఆయిలర్ ఊహించాడు. ఆ ఊహ తప్పని 1959లో తేల్చిన ముగ్గురిలో ఇద్దరు మనవాళ్లే: ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే. మూడో ఆయన పార్కర్. ఇదంతా వంటింటి సంగతి, విస్తరి ముందు కూర్చున్నవాళ్లకు అక్కర్లేదు.

గుర్రం నడక ఒక్కటే పాఠకుడికి తగులుతుంది. ఒక గది ముగియగానే పక్క గది రాదు, ఎక్కడికో దూకుతుంది. పజిళ్లు కోసే వింక్లర్ ఇల్లు 8వ అధ్యాయంలో కనిపించి, మళ్లీ 44లో, 53లో వస్తుంది. పుస్తకాన్ని రెండు వారాలు పక్కన పెడితే పట్టు తప్పేది అందుకే. పుస్తకం వెనక భవనం పటం ఉంది. దాన్ని జిరాక్స్ తీసి, చదివిన అధ్యాయం నంబరు ఆ గదిలో పెన్సిల్‌తో వేసుకుంటూ పోండి. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున 33 రోజులకు పూర్తవుతుంది.

అపోహ: ప్రయోగం కాబట్టి కథ ఉండదు.

కథలు వందకు పైనే ఉన్నాయి, వాటి జాబితా కూడా వెనకే ఉంది. ట్రపీజ్ మీది నుంచి దిగనని మొండికేసిన కళాకారుడు ఒకడు. నిఘంటువులోంచి వాడుకపోయిన మాటలను తొలగించే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక అలాంటి మాటలనే ఏరుకుంటూ కూర్చున్న సినోక్ ఇంకొకడు. చిక్కల్లా నడిమి కథ ఆలస్యంగా తెలియడంలో ఉంది. బార్టిల్‌బూత్ అనే సంపన్నుడు పదేళ్లు నీటిరంగులు నేర్చుకుంటాడు. ఇరవై ఏళ్లు రేవులు తిరిగి 500 చిత్రాలు వేస్తాడు. వాటిని 750 ముక్కల పజిళ్లుగా కోయిస్తాడు. మరో ఇరవై ఏళ్లు అతికించి, చివరికి వేసిన చోటనే ఒక్కో చిత్రాన్నీ కడిగి తెల్లకాగితం చేయాలన్నది పథకం. ఇది విడమరిచి చెప్పేది 26వ అధ్యాయంలో! అక్కడిదాకా నాయకుడెవరని వెతకొద్దు. తర్వాత ఆయన దారం 70, 80, 87, 99 అధ్యాయాల్లో దొరుకుతుంది.

అపోహ: వస్తువుల జాబితాలు దాటేయవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చాలా అధ్యాయాలది ఒకే పోకడ: ముందు వర్తమానంలో గది వర్ణన, అందులో ఒక వస్తువో గోడ మీది పటమో, దాని వెంట గతంలోని కథ, మళ్లీ గది. జాబితా దాటేస్తే కథ ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. భవనంలో ఉండే మేడమ్ మోరో పనిముట్ల కేటలాగు లాంటి చోట్ల మాత్రం కళ్లు వేగంగా నడిపించినా నష్టం లేదు, ఆ మోతాదు ఎంతుందో తెలిస్తే చాలు. వేగం పెంచండి గాని పేజీ తిప్పేయకండి. 65వ అధ్యాయం చివర బిస్కెట్ డబ్బా మీది బొమ్మలో ఒక చిన్నపిల్ల బిస్కెట్ మూల కొరుకుతూ ఉంటుంది. వంద గళ్లకు 99 అధ్యాయాలే ఎందుకున్నాయో అక్కడ తేలుతుంది: భవనంలో ఒక మూల నేలమాళిగ అలా ఎగిరిపోయింది.

51వ అధ్యాయంలోని 179 పంక్తుల పట్టికది వేరే దారి. పంక్తికో కథ, కొన్ని ఇంకా చదవనివి. మొదటిసారి పైపైన చూసి వదిలేసి, నవల ముగిశాక వెనక్కి వచ్చి ఎన్ని గుర్తుపట్టగలరో చూసుకోండి.

అపోహ: ఏ అధ్యాయం నుంచైనా మొదలుపెట్టొచ్చు.

వద్దు. చివరి పజిల్ బరువు వరసగా వచ్చినవాళ్లకే తెలుస్తుంది. పేర్లు మరిచిపోతే వెనక సూచిక చూడండి. కాలక్రమ పట్టిక జోలికి మాత్రం 99 పూర్తయ్యేదాకా పోవద్దు, అందులో చావుల తేదీలున్నాయి.

అపోహ: ముడులన్నీ చివరికి విడిపోతాయి.

పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ అలవాటున్న తెలుగు పాఠకుడు ఇలా ఆశించడం సహజం. అక్కడ ఒక కథ చిక్కు మరో కథలో వీడుతుంది. ఇక్కడ చాలా కథలు పక్క కథను తాకనైనా తాకవు, ఒకే మెట్లు వాడుకుంటాయంతే. పైగా ఆ 42 అంశాల పద్ధతిలోనే ‘లోపం’, ‘తప్పు’ అనే రెండు జాబితాలున్నాయి. తన నియమాన్ని తానే అక్కడక్కడా చెడగొట్టడానికి పెరెక్ పెట్టుకున్నవి అవి.