టికెట్ లేని రోమ్

చిరంజీవులు వంశీ, మేఘనలకు అమ్మమ్మ దీవించి రాయునది.

రోమ్‌లో కొలోసియం, అదే పాత రోమన్ల పోటీల స్టేడియం, దాని లోపలికి టికెట్లు దొరకలేదని మీ అమ్మ ఫోన్లో ఒకటే టెన్షన్ పడుతోంది. అంత దూరం వెళ్లి అది చూడకుండా వస్తే అందరూ ఏమంటారు అని దాని బాధ. చిన్నప్పటి నుంచీ అది నా మాట వినదు కాబట్టి మీకు రాస్తున్నాను. మీ తాతయ్య ఉద్యోగం రోమ్‌లో ఉన్న రోజుల్లో ఇంటి అద్దె కట్టాక జీతంలో పెద్దగా ఏమీ మిగిలేది కాదు. సెలవొస్తే మాకు కాలక్షేపమల్లా నడకే. పైసా తీయకుండా ఆ ఊళ్లో ఏమేం చూడొచ్చో నాకు అలా తెలిసింది.

ఉచితంగా చూడటమంటే గొప్పవన్నీ వదిలేసి పార్కుల్లో తిరగడం అనుకుంటారేమో. రోమ్‌లో అలా కాదు. మైకెలాంజెలో, కారవాజ్జో, బెర్నీనీ లాంటి పాతకాలపు గొప్ప చిత్రకారులూ శిల్పులూ చేసిన మేలైన పనుల్లో చాలా వాటికి ఇవాళ్టికీ టికెట్ లేదు. వాళ్లేమీ మ్యూజియంల కోసం పని చెయ్యలేదు కదా! పోప్‌లు, కార్డినల్స్, డబ్బున్న కుటుంబాలవాళ్లు ఫలానా చర్చి గోడకు బొమ్మ కావాలి, ఫలానా కూడలికి ఫౌంటెన్ కావాలి అని చేయించుకున్నారు. ఊరంతా చూడాలి, చూసి తమ గొప్ప చెప్పుకోవాలి అని చేయించినవి అవి. అప్పుడు పెట్టిన చోటే ఉండిపోయినవాటిని ఇప్పటికీ ఊరికే చూడొచ్చు. అక్కణ్నుంచి తీసి మ్యూజియంలో పెట్టినవాటికే డబ్బులు కట్టాలి.

ముందుగా కారవాజ్జోని చూడండి. నవోనా చౌక్ దగ్గర సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ అనే చర్చి ఉంది. లోపలికి వెళ్లి ఎడమవైపు చివరి గదిలాంటి మందిరం దగ్గర నిలబడండి. క్రీస్తు శిష్యుడు సెయింట్ మాథ్యూ కథతో మూడు పెద్ద పెయింటింగ్‌లు ఉంటాయి. పక్క గోడల మీది రెండూ 1599, 1600లలో వేశాడు, మధ్యది 1602లో. ఎడమ గోడ మీది బొమ్మలో కొందరు బల్ల చుట్టూ కూర్చుని డబ్బులు లెక్కపెడుతుంటారు. కుడివైపు నుంచి క్రీస్తు వచ్చి, తన వెంట రమ్మని మాథ్యూ వైపు చెయ్యి చాపుతాడు. అతని తల మీదుగా చీకటి గదిలోకి ఏటవాలుగా వెలుగు పడుతుంది. ఇప్పుడు తలెత్తి ఆ మందిరానికున్న నిజమైన కిటికీ ఎటువైపు ఉందో చూడండి. బొమ్మలో వెలుగూ అటు నుంచే వస్తుంది! ఆ గోడ కోసమే, ఆ కిటికీని లెక్కలోకి తీసుకునే వేసిన బొమ్మ అది. ప్రపంచంలో ఏ మ్యూజియానికి తీసుకెళ్లినా ఈ సంగతి పోతుంది.

అక్కణ్నుంచి రెండడుగులు వేస్తే సాంత్ అగొస్తీనో చర్చి. అక్కడా ఎడమవైపు మొదటి మందిరంలోనే కారవాజ్జో బొమ్మ ఉంది. బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డ మేరీమాత ముందు ముసలి యాత్రికులిద్దరు మోకరిల్లి ఉంటారు. మగమనిషి పాదాలు మన ముఖం మీదికే వచ్చినట్టుంటాయి. తిరుమలకు నడిచెక్కినవాళ్ల పాదాల్లాగా దుమ్ము కొట్టుకుపోయి ఉంటాయి. దేవుడి గదిలో మురికి పాదాలేమిటని ఆ రోజుల్లో పెద్ద గొడవైంది. నాకైతే ఆ ఊళ్లో అన్నిటికన్నా నచ్చిన బొమ్మ అదే. పొపొలో చౌక్ పక్కన సాంతా మరియా దెల్ పొపొలో చర్చిలో ఇంకో రెండు ఉన్నాయి. మొత్తం ఆరు కారవాజ్జోలు, మీ నాన్నగారు జేబులో చెయ్యి పెట్టక్కర్లేకుండా. మహా అయితే లైటు కోసం ఒక నాణెం అవుతుంది. కొన్ని చర్చిల్లో మందిరం చీకటిగా ఉంటుంది, డబ్బాలో నాణెం వేస్తే కాసేపు లైటు వెలుగుతుంది. ఎవరో ఒకరు వేస్తారులే అని అందరూ పక్కచూపులు చూస్తూ నిలబడతారు. మీరు ఒకసారైనా వెయ్యండి, అందరూ మీకేసి ఎంత ప్రేమగా చూస్తారో!

మైకెలాంజెలో సంగతికొస్తే, సెయింట్ పీటర్స్ చర్చిలోకి ప్రవేశం ఉచితమే. సెక్యూరిటీ లైను మాత్రం పొడుగ్గా ఉంటుంది కాబట్టి తెల్లారుతూనే వెళ్లాలి. లోపల కుడివైపు మొదట్లోనే పియెతా విగ్రహం, చనిపోయిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న మేరీమాత. అది చెక్కేనాటికి అతనికి పాతికేళ్లయినా లేవు. మేరీమాత రొమ్ము మీదుగా వెళ్లే పట్టీ మీద తన పేరు చెక్కుకున్నాడు, అతను సంతకం చేసిన శిల్పం ఇదొక్కటే. 1972లో ఒకతను సుత్తితో దాన్ని కొట్టాడు. అప్పటి నుంచీ అద్దం వెనక పెట్టారు, దూరం నుంచి చూసి సరిపెట్టుకోవాలి. అందుకే నేను బైబిల్ ప్రవక్త మోజెస్ విగ్రహమే ముందు చూడమంటాను. అది కొలోసియానికి దగ్గర్లో సాన్ పియెత్రో ఇన్ వింకొలి అనే చర్చిలో ఉంది. పోప్ రెండో జూలియస్ బతికుండగానే తన సమాధికి 40 విగ్రహాలదాకా కావాలని మైకెలాంజెలోకి పని అప్పజెప్పాడు. పోప్ 1513లో పోయాడు. వారసులు బేరాలాడుతూ, తగ్గిస్తూ, మళ్లీ మళ్లీ ఒప్పందాలు రాసుకుంటూ చివరికి 1545లో ఎలాగో ముగించారు. ఇంతా చేస్తే జూలియస్‌ని పాతిపెట్టింది అక్కడ కాదు, సెయింట్ పీటర్స్‌లో. మనిషి లేని సమాధికి కాపలాగా మోజెస్ గడ్డం పట్టుకుని కోపంగా కూర్చున్నాడు. చేతుల మీద నరాలు చూడండి.

చర్చిలకు వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. వంశీ, ఆ నిక్కర్లతో బయల్దేరకు. చాలా చర్చిలు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసేసి మళ్లీ మూడున్నర నాలుగుకు గానీ తెరవవు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది తలుపుల ముందు నుంచి వెనక్కి వెళ్లిపోతారో! ఆ సమయాన్ని వీధులకీ చౌకులకీ ఉంచుకోండి.

నవోనా చౌక్ పొడుగ్గా, ఒక చివర గుండ్రంగా ఎందుకుందో చూడగానే తెలియదు. అది డొమీషియన్ చక్రవర్తి కట్టించిన పరుగుపందేల స్టేడియం. ప్రేక్షకుల గ్యాలరీల మీదే తర్వాతివాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. నడుమన ఉన్న మైదానం మైదానంగానే మిగిలింది. మధ్యలో బెర్నీనీ 1651లో పూర్తి చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంటుంది. నాలుగు ఖండాల నుంచి నాలుగు నదులు: డాన్యూబ్, నైలు, రియో దె లా ప్లాతా, మన గంగ. అవును, గంగే! కానీ గంగమ్మ కోసం వెతికితే కనబడదు. గడ్డంతో, కండలు తిరిగిన మగవాడు పొడవాటి తెడ్డు పట్టుకుని కూర్చుని ఉంటాడు. వాళ్ల దృష్టిలో గంగంటే పడవలు తిరిగే పెద్ద నది, అందుకే తెడ్డు. నైలు ముఖం మీద ముసుగుంటుంది, అది ఎక్కడ పుడుతుందో అప్పటికి యూరప్‌వాళ్లకు తెలియదు మరి. ఈ ఫౌంటెన్ చేయించిన పోప్ పదో ఇన్నొసెంట్ కుటుంబం మేడ ఆ చౌక్‌లోనే ఉంది. రొట్టె ధర మండిపోతున్న రోజుల్లో ఇంటిముందు ఫౌంటెన్ పెట్టుకుంటాడా అని జనం కాగితాలు రాసి అంటించారు.

అలా అంటించడానికి ఆ ఊళ్లో ఒక విగ్రహమే ఉంది. చౌక్ దాటగానే వెనక సందు మొగలో చేతులు విరిగి, ముఖం అరిగిపోయిన పాత రాతిబొమ్మ. పేరు పస్క్వీనో. 1501లో దాన్ని అక్కడ నిలబెట్టిన దగ్గర్నుంచీ పోప్‌లనీ అధికారుల్నీ తిడుతూ పద్యాలు రాసి, పేరు పెట్టకుండా దానికి తగిలించేవారు. ఇప్పటికీ కాగితాలు అంటిస్తూనే ఉన్నారు. ఫోన్‌తో అనువాదం చేసుకుని చదవండి, ప్రస్తుతం ఎవరిని తిడుతున్నారో తెలుస్తుంది.

ఇక సాంత్ ఇన్యాత్సియో చర్చికి తప్పకుండా వెళ్లండి. అక్కడ గుమ్మటం కట్టించడం కుదరలేదు. జెస్విట్లనే క్రైస్తవ సన్యాసుల సంఘంలోని ఆంద్రేయా పొద్జో 1685లో పెద్ద గుడ్డ మీద గుమ్మటం బొమ్మ వేసి కప్పుకు బిగించేశాడు. నేల మీద గుర్తు పెట్టిన చోట నిలబడితే నిజం గుమ్మటమే అనిపిస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగారో, అది వంకరపోయి మోసం బయటపడుతుంది. ఈమధ్య అక్కడ ఫోటోల కోసం ఒక అద్దం పెట్టారు, దాని ముందు బారులు తీరి నిలబడుతున్నారు. మీరా లైనులో నిలబడకండి, నేరుగా పైకి చూడండి.

కొలోసియం గురించి మీ అమ్మకు ఇలా చెప్పండి. బయట గోడ చుట్టూ తిరగడానికి ఎవరూ టికెట్ అడగరు, సగం కథ ఆ గోడలోనే ఉంది. రాళ్లనిండా గుంటలు కనిపిస్తాయి. రాయికీ రాయికీ మధ్య బిగించిన ఇనుప కొక్కేలను మధ్యయుగాల్లో తవ్వి ఎత్తుకుపోయిన గుర్తులవి. బయటి గోడ ఒకవైపు పూర్తి ఎత్తున ఉండి, ఇంకోవైపు లేకపోవడం 1349 భూకంపం వల్ల. పడిన రాళ్లన్నీ ఊళ్లో మేడలకూ చర్చిలకూ పోయాయి. పక్కనే కాన్‌స్టాంటిన్ చక్రవర్తి తోరణం. క్రీ.శ. 315 నాటి ఆ తోరణం మీది మంచి శిల్పాలు చాలామటుకు పాత చక్రవర్తుల కట్టడాల నుంచి పీకి తెచ్చి అతికించినవే. అక్కణ్నుంచి పెద్ద రోడ్డు వెంట నడిస్తే పాత రోమన్ల నగర కూడలి ఫోరమ్ శిథిలాలూ, ట్రాజన్ చక్రవర్తి స్తంభం మీద పైకి చుట్టుకుంటూ పోయే యుద్ధబొమ్మలూ రోడ్డు మీంచే కనిపిస్తాయి. చివరికి కాంపిదోలియో గుట్ట ఎక్కి, మేయర్ ఆఫీసు భవనం పక్కగా వెనక్కి వెళ్లండి. ఫోరమ్ మొత్తం కాళ్ల కింద పరిచినట్టుంటుంది.

మీ ఇద్దరికీ పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఇంకో లాభముంది. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలు, కట్టడాలు ఏ దేశం పిల్లలకైనా ఉచితం. పాంథియోన్ అనే పాత రోమన్ గుడికి 2023 నుంచి పెద్దవాళ్లకు టికెట్ పెట్టారు, మీకు అదీ లేదు. వయసు చూపించడానికి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. నెలలో మొదటి ఆదివారం పెద్దలకూ ఉచితమే, కొలోసియంతో సహా. ఎండలో ఆ లైను చూస్తే మాత్రం మీ నాన్నగారు తిరుగుముఖం పడతారు. వాటికన్ మ్యూజియంలు విడిగా నెలాఖరు ఆదివారం ఉచితం. అక్కడి తోపులాటలో, మైకెలాంజెలో కప్పు మీద బొమ్మలు వేసిన సిస్టీన్ చాపెల్ చూడటం కన్నా డబ్బులు కట్టి మామూలు రోజు చూడటమే నయం. ఉచితం కదా అని రోజంతా పోగొట్టుకోకూడదు.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర కిందికి దిగడానికి ఇప్పుడు 2 యూరోలు తీసుకుంటున్నారు, పైన వీధిలోంచి చూస్తే ఏమీ లేదు. క్రీ.పూ. 19లో అగ్రిప్పా అనే రోమన్ నాయకుడు తెప్పించిన కాలువ నీళ్లే నేటికీ అందులో పడుతున్నాయని తలుచుకుంటూ చూడండి. స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి, 2019 నుంచి జరిమానా. నీళ్ల బాటిల్ కొనకండి. ఊరంతా వీధుల్లో 2,500 దాకా కుళాయిలు పగలూ రాత్రీ పారుతుంటాయి, అన్నీ తాగే నీళ్లే. ముక్కులా వంగిన గొట్టం చివర వేలితో మూస్తే, పైన ఉన్న చిన్న చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. నోరు పెట్టి తాగడం అలా. మేఘనా, అన్నయ్య మీద చిమ్మకు.

జానీకొలో గుట్ట మీద మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి రోజూ ఫిరంగి పేలుస్తారు. ఊళ్లో గంటలన్నీ ఒకే వేళకు మోగాలని 1847లో పోప్ తొమ్మిదో పయస్ మొదలుపెట్టిన పద్ధతి. పది నిమిషాలు ముందే చేరి గోడ దగ్గర చోటు చూసుకోండి. మీ అమ్మకు ముందుగా చెప్పండి, ఉలిక్కిపడుతుంది.

దిగేటప్పుడు కూడా నడిచే రండి. స్టేషన్ నుంచి సెయింట్ పీటర్స్ వైపు తిరిగే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. ఎక్కక తప్పకపోతే మీ నాన్నగారి పర్సు వెనక జేబులోంచి తీయించి మీ అమ్మ సంచీలో, జిప్పు ఉన్న అరలో పెట్టించండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ