తొడల్లో పుట్టిన వాట్లు ఎక్కడికి పోతున్నాయి?

ఆదివారం తెల్లవారుజామున సైకిళ్లు తీసే మిత్రుల మధ్య ఎప్పుడూ నలిగే ప్రశ్న ఒకటుంది. తర్వాత ఏం కొనాలి? కార్బన్ ఫోర్కా, తేలికపాటి చక్రాలా, అసలు సైకిలే మార్చేయాలా? డబ్బు తీసే ముందు మన కాళ్లు పుట్టించే శక్తి ఎంత, అది ఏ దారిలో ఖర్చైపోతోంది అన్న లెక్క చూసుకోవాలి. ఆ లెక్క పదో తరగతి భౌతికశాస్త్రంతోనే తేలిపోతుంది.

68 కిలోల మనిషి, 12 కిలోల సైకిలు, మొత్తం 80 కిలోలు అనుకుందాం. చదునైన రోడ్డు మీద, ఎదురుగాలి లేని పూట, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. ఇందుకు పెడళ్ల మీద పడాల్సింది సుమారు 110 వాట్లు. అందులో 75 వాట్ల దాకా గాలిని తోసుకుపోవడానికే సరి. అంటే పాత రకం సీలింగ్ ఫ్యాన్ ఒకటి తిరిగేంత. టైర్లు ముప్పై వాట్లు తింటాయి. చైను, బేరింగులు కలిసి నాలుగైదు వాట్లు. సరదాగా తొక్కేవాళ్లలో చాలామంది గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది 100 నుంచి 150 వాట్లే. చేతిలో ఉన్నదే కొంచెం కాబట్టి ఎక్కడ కారిపోతోందో తెలియడం ముఖ్యం.

గాలి సంగతి ముందు. వేగం పెరిగితే గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దానికి పెట్టాల్సిన వాట్లు ఘనంతో పెరుగుతాయి. 20 కిలోమీటర్ల వేగంలో గాలికి 38 వాట్లు చాలు. 30కి వెళ్తే 130 వాట్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే ఖర్చు మూడు రెట్లు దాటింది. ఈ నిరోధంలో సింహభాగం సైకిలుది కాదు, మనిషి ఒంటిది. మోచేతులు కాస్త మడిచి, నడుము వంచి, గాలికి ఎదురయ్యే ఒంటి వైశాల్యం పదో వంతు తగ్గించినా ఏడెనిమిది వాట్లు మిగులుతాయి. ఒంటికి పట్టి ఉండే చొక్కా వేసుకోవడం షోకు కోసం కాదు, గాలికి రెపరెపలాడే బట్ట నిజంగానే వాట్లు తింటుంది. ముందువాడి చక్రం వెనకాలే తొక్కితే పావు వంతు దాకా ఆదా అవుతుంది. అయితే మన రోడ్ల మీద గుంతలు చెప్పి రావు కాబట్టి, బాగా తెలిసినవాళ్ల వెనక తప్ప అది చేయవద్దనే నేనంటాను.

ఇక బరువు. జనం ఎక్కువ డబ్బు పోసేది దీని మీదే. ఒక కిలో తగ్గితే చదునులో మిగిలేది అర వాటు కూడా కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు తేడా వస్తుంది కదా అంటారు. నిజమే, ఎంత వస్తుందో చూద్దాం. ప్రతి వంద మీటర్లకూ 5 మీటర్లు లేచే ఘాట్ రోడ్డు మీద గంటకు 12 కిలోమీటర్లతో ఎక్కుతుంటే 80 కిలోలను పైకి మోయడానికే 130 వాట్లు కావాలి. అందులో ఒక కిలో వాటా 1.6 వాట్లు. అలాంటి ఎక్కుడు 5 కిలోమీటర్లుంటే, 25 నిమిషాల శ్రమలో ఆ కిలో వల్ల మిగిలేది 20 సెకన్ల లోపే. పోటీలో పతకం కోసం తొక్కేవాళ్లకు 20 సెకన్లు చాలా విలువైనవి. అనంతగిరి కొండల్లో టీ తాగి వచ్చేవాళ్లకు, నిండు నీళ్ల సీసా బరువు తగ్గించడం కోసం వేలకు వేలు పోయడం నాకు సబబుగా తోచదు.

అదే డబ్బులో చిన్న భాగం టైర్ల మీద పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. గాలి నింపిన టైరును 1888లో బెల్ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం తయారుచేశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దాని సూత్రం మారలేదు. నేలను తాకిన చోట టైరు నొక్కుకుపోతుంది, ముందుకు దొర్లగానే మళ్లీ పొంగుతుంది. నొక్కడానికి పెట్టిన శక్తిని రబ్బరు పూర్తిగా తిరిగివ్వదు, కొంత వేడిగా మార్చేసుకుంటుంది. మందపాటి, గట్టి గోడల చవక టైరు ఎక్కువ మింగుతుంది, పల్చటి మెత్తటి గోడల టైరు తక్కువ. పైన చెప్పిన మనిషే అదే 25 వేగంలో పోతుంటే మంచి టైర్లతో 22 వాట్లు పోతాయి, నాసిరకంతో 44 దాకా పోతాయి. కిలో బరువు తగ్గించి ఇన్ని వాట్లు మిగుల్చుకోవడం ఏ కొండ మీదా కుదరదు.

గాలి ఎంత కొట్టాలన్నది మరో వాదన. రాయిలా బిగిసేలా కొడితే బాగా దొర్లుతుందని చాలామంది నమ్మకం. నున్నటి ఇనుప డ్రమ్ము మీద పరీక్షిస్తే అది నిజమే. రోడ్డు మీద లెక్క మారుతుంది. కంకర తేలిన తారు మీద బిగిసిన టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది. సైకిలుతోపాటు మనిషినీ పైకి లేపుతుంది. ఆ కుదుపు కండల్లో, నడుములో వేడిగా మారి పోతుంది. ఆ శక్తి కూడా మనం పెడల్ మీద పెట్టిందే. అందుకే పోటీ సైకిళ్లలో సైతం 23 మిల్లీమీటర్ల సన్న టైర్లు పోయి 28, 30 వచ్చేశాయి, వాటిలో కొట్టే గాలీ తగ్గింది. వెనక చక్రం మీద 44 కిలోల భారం పడి, టైరులో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) గాలి ఉంటే నేలను తాకే మచ్చ 8 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. 60కి దింపితే పదిన్నర అవుతుంది. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా మనల్ని పట్టుకుని ఉండేది ఆ కాస్త మచ్చే. మరీ దింపితే గుంత అంచుకు రిమ్ము తగిలి ట్యూబుకు పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. టైరు పక్కన ముద్రించి ఉండేది దాటకూడని గరిష్ఠం మాత్రమే. అంత కొట్టి తీరాలని కాదు. గేజు ఉన్న పంపు ఒకటి ఇంట్లో పెట్టుకుని, 28 టైరుకు 75తో మొదలుపెట్టి, రెండు మూడు పీఎస్ఐలు దించుకుంటూ మీ దారికి ఏది నప్పుతుందో చూసుకోండి.

చైను తినేది నాలుగైదు వాట్లే అన్నాను. అయినా సైకిలులో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది దాని మీదే. బుష్, రోలరు ఉన్న నేటి చైను 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ చేతుల్లో రూపుదిద్దుకుంది. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం చైన్లను ల్యాబులో తిప్పి, ఎక్కడ వేడి పుడుతోందో పరారుణ కెమెరాతో చూసింది. అనువైన పరిస్థితుల్లో పెడల్ మీద పడిన శక్తిలో 98.6 శాతం వెనక చక్రానికి చేరింది. నూట నలభై ఏళ్ల కిందటి యంత్రానికి ఇది అబ్బురమైన ఫలితం. అంతకంటే ఆశ్చర్యం మరొకటి ఉంది. శుభ్రమైన ల్యాబులో ఏ నూనె వాడినా ఈ అంకె పెద్దగా మారలేదు. మరి నూనె ఎందుకు? చైను సందుల్లో దుమ్ము చేరకుండా ఆ చోటు తను ఆక్రమించుకోవడం నూనె చేసే ముఖ్యమైన పని.

ఆ సందులను కాస్త దగ్గరగా చూడండి. నిమిషానికి 80 తిప్పులతో, ముందు 50 పళ్ల చక్రంతో తొక్కుతుంటే నిమిషానికి 4,000 లింకులు ముందుకు సాగుతాయి. చైనులో 110 లింకులుంటే అది నిమిషానికి 36 సార్లు చుట్టు తిరిగినట్టు. ఒక్కో చుట్టులో ప్రతి లింకూ ఎనిమిది చోట్ల వంగుతుంది లేదా నిటారవుతుంది: ముందు చక్రం పళ్ల మీదికి ఎక్కుతూ, దిగుతూ, గేర్లు మార్చే డిరైలర్‌లోని రెండు బుల్లి చక్రాల దగ్గర నాలుగుసార్లు, వెనక పళ్ల మీద ఎక్కుతూ, దిగుతూ. అంటే ఒక్కో పిన్ను గంటకు 17 వేల సార్లు తన గూటిలో రాపిడి పడుతోంది. అక్కడికి రోడ్డు దుమ్ములోని సన్నటి ఇసుక చేరితే నూనెతో కలిసి ఉక్కును అరగదీసే ముద్దవుతుంది.

చైను సాగిందని మెకానిక్ అంటే ప్లేట్లు సాగాయని కాదు, పిన్నులు అరిగాయని. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. ఉక్కు స్కేలు ఒక పిన్ను మధ్యలో ఆనించి 24 లింకులు లెక్కపెడితే 12 అంగుళాల గీత దగ్గర పిన్ను ఉండాలి. అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగిందంటే అర శాతం పెరిగినట్టు. వెనక 11, 12 గేర్లున్న సైకిళ్లకు అప్పుడే మార్చేయాలి. పాత రకాలకు ముప్పావు శాతం దాకా ఆగవచ్చు. ఆలస్యం చేస్తే పెరిగిన చైను పళ్ల మీద పైకెక్కి కూర్చుని వాటినీ అరగదీస్తుంది. తర్వాత కొత్త చైను వేసినా, అరిగిన క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) మీద బలంగా తొక్కగానే జారిపోతుంది. అప్పుడు రెండూ కొనాలి. క్యాసెట్ ధరలో చైన్లు రెండు మూడు వస్తాయి.

కడగడానికి మన షాపుల్లో పాత పద్ధతే ఉంది: కిరసనాయిలు, పళ్ల బ్రష్షు. పని జరుగుతుంది. కానీ చైను పూర్తిగా ఆరాకే నూనె పెట్టాలి, లేదంటే లోపల మిగిలిన కిరసనాయిలు కొత్త నూనెను పల్చన చేసేస్తుంది. బైకు ఇంజన్ నుంచి తీసిన నల్ల నూనె మాత్రం వద్దేవద్దు, అందులో మసితోపాటు లోహపు నలుసులూ ఉంటాయి. ఒక్కో రోలరు మీద ఒక్క చుక్క. పెడల్ వెనక్కి కాసేపు తిప్పి, పొడి గుడ్డతో పైపైన ఉన్నదంతా తుడిచేయాలి. ఈ తుడవడం చాలామంది వదిలేస్తారు. పైన మెరిసే నూనె దుమ్ము పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. వానాకాలం చిక్కటి నూనె, ఎండాకాలం పల్చటిది. వానలో తడిసి ఇంటికి రాగానే చైను తుడిచిపెట్టండి, లేదంటే తెల్లారేసరికి తుప్పు ఎర్రగా పలకరిస్తుంది.

మిగిలింది ఇంజన్, అంటే మనం. కండరం తనకు అందిన శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పెడల్‌కు ఇస్తుంది. 110 వాట్లు తొక్కడానికి ఒంట్లో ఐదొందల వాట్లకు దగ్గరగా ఖర్చవుతుంది, మిగతాదంతా వేడి. గాలి చర్మం కంటే చల్లగా ఉంటే కొంత వేడిని అదే మోసుకుపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ దారి మూసుకుపోయి, మొత్తం భారం చెమట మీద పడుతుంది. అప్పుడు గంటకు అర లీటరు పైన చెమట ఆవిరి కావాలి. కారిపోయిన చెమట చల్లబరచదు, ఆవిరైనదే చల్లబరుస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకునేది అందుకే. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసాలో ఉండాలి.

ఈ ఇంజన్‌ను పెంచే దారి చాలామందికి నచ్చనిది: నెమ్మదిగా తొక్కడం. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శాస్త్రవేత్త జాన్ హోలోజీ, వారాల తరబడి పరుగెత్తించిన ఎలుకల కండరాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం రెట్టింపైందని చూపించాడు. ఆమ్లజనితో కొవ్వును, చక్కెరను మండించే పొయ్యిలు అవే. వాటితోపాటు కండరంలో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది. వీటన్నిటికీ ఎక్కువ గంటల తేలికపాటి శ్రమ కావాలి. పక్కవాడితో పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే మీరు సరైన వేగంలో ఉన్నట్టే. అగ్రశ్రేణి క్రీడాకారుల సాధన పరిశీలించిన క్రీడా శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, ఐదింట నాలుగు సెషన్లు ఇలా తేలిగ్గానే సాగుతాయని గుర్తించాడు. ఐదోది మాత్రం నిజంగా కష్టంగా ఉంటుంది. మనవాళ్లు రోజూ మధ్యరకంగా ఆయాసపడతారు. తేలిక రోజున గ్రూపులో ఎవరో దాటిపోయారని వెంటపడతారు, కష్టపడాల్సిన రోజుకు కాళ్లలో సత్తువ ఉండదు.

తేలికపాటి సాధనకు ఆగకుండా సాగే దారి కావాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల పొడవున తెరిచిన, సోలార్ పలకల నీడ ఉన్న ట్రాక్ ఇందుకు బాగా నప్పుతుంది. అక్కడ గేరు తగ్గించి, తిప్పులు పెంచి చూడండి. 110 వాట్లను నిమిషానికి 60 తిప్పులతో ఇస్తే పెడల్ మీద సగటున పదిన్నర కిలోల తోపు పడుతుంది, 90 తిప్పులతో ఏడు కిలోలే. ఆ తేడా మోకాళ్లకు తెలుస్తుంది. సీటు ఎత్తు కూడా అంతే ముఖ్యం. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. కండరాలు వారాల్లో బలపడతాయి, కండర బంధనాలకు నెలలు పడుతుంది. కొత్త ఉత్సాహంలో మోకాలి నొప్పి తెచ్చుకునేది ఆ మధ్య కాలంలోనే.

ఇదంతా కలిసి తేలే చోటు 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరప్రయాణ సైకిల్ రైడ్. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి, ఆగిన సమయమూ అందులోనే లెక్క. సగటు వేగం 15 లోపే ఉన్నా సరిపోతుంది. 28తో మొదలుపెట్టేవాళ్లు 22తో తొక్కేవాళ్లకంటే గాలికి రెట్టింపు వాట్లు ధారపోస్తారు, మధ్యాహ్నం ఎండలో కాళ్లు పట్టేసి చెట్టుకింద కూలబడతారు. 22తో నిలకడగా తొక్కితే సీటు మీద గడిపేది తొమ్మిది గంటల పైచిలుకు. ఇంకా నాలుగు గంటలు మిగిలే ఉంటాయి: భోజనానికి, మజ్జిగ నింపుకోవడానికి, పంక్చరు పడితే ట్యూబు మార్చుకోవడానికి, ఎండ మరీ ముదిరితే కాసేపు నీడన కూర్చోవడానికి.