ఆల్ప్స్ మంచు ఊళ్లలో భోజనం: అపోహలు - వాస్తవాలు

స్విట్జర్లాండ్ ఆగ్నేయ భాగంలో, ఎంగడీన్ లోయలో, సెయింట్ మోరిట్జ్‌కు దగ్గరగా ఉన్న ఒక చిన్న భోజనశాలలో నేను వంట చేస్తాను. చలికాలమంతా ఇక్కడ స్కీయింగ్ సందడే. మన తెలుగువాళ్లు వస్తే వడ్డించేవాళ్లు నన్ను వంటగదిలోంచి పిలుస్తారు. ఐరోపాలో ఉద్యోగాలు చేసే పిల్లలను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు, కొత్త జంటలు, స్నేహితుల బృందాలు అందరూ దాదాపు అవే సందేహాలు అడుగుతారు. కొందరైతే తలుపు దాకా వచ్చి, ఇది మనకు సరిపడే చోటు కాదనుకుని వెనుదిరుగుతారు. అలా వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఈ చెక్క గదులన్నీ పర్యాటకుల కోసం వేసిన సెట్టింగులు.

వాస్తవం: కొన్నిచోట్ల నిజమే. కొత్త హోటళ్లు పాత చెక్కను కొని తెచ్చి గోడలకు బిగించుకుంటాయి. కానీ లోయలోని పాత రైతు ఇళ్లలో ఈ గదులు చలికి తట్టుకోవడానికి పుట్టినవి. స్థానిక రొమాన్ష్ భాషలో వీటిని స్టూవా అంటారు. ఇల్లంతటికీ వెచ్చగా ఉండేది ఆ ఒక్క గదే. దాని గోడలకూ పైకప్పుకూ ఆర్వెన్ అనే పైన్ చెక్క పలకలు బిగిస్తారు. చెట్లు పెరగగలిగే ఎత్తుకు చివరి అంచున, చాలా నెమ్మదిగా ఎదిగే చెట్టు అది. పలక కోసి ఏళ్లు గడిచినా దాని వాసన పోదు. వెచ్చటి గాలి పైకి పోయి వృథా కాకుండా కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది. మందపాటి రాతి గోడలో కిటికీ లోపలి వైపు చిన్నది, బయటి వైపు వెడల్పు. వెలుతురు వీలైనంత లోపలికి రావాలి, వేడి మాత్రం బయటికి పోకూడదు.

అసలైన గదిని గుర్తుపట్టాలంటే పొయ్యిని చూడండి. గదిని వేడిచేసే పెద్ద పొయ్యి లోపలే ఉంటుంది కానీ కట్టెలు పెట్టే నోరు గోడకు అవతల, వంటగదిలోనో నడవలోనో ఉంటుంది. పొగ, బూడిద గదిలోకి రావు. ఇంటి బయటి గోడల మీద కనిపించే బొమ్మలు కూడా రంగులతో వేసినవి కావు. ముదురు రంగు గచ్చు మీద సున్నపు పూత వేసి, ఆరకముందే గీకి తీస్తే కింది రంగు బయటపడి బొమ్మవుతుంది. ఆ పనిని స్గ్రాఫీటో అంటారు.

అపోహ: గోడల మీది చిత్రాలు ఖాళీ నింపడానికి పెట్టినవి.

వాస్తవం: ఈ లోయకు చిత్రకళతో ఉన్న బంధం సామాన్యమైనది కాదు. చిత్రకారుడు జొవాన్ని సెగాంటీని 1894లో ఇక్కడి మలోయా ఊరికి వచ్చి స్థిరపడ్డాడు. రంగులను పలక మీద కలిపేయకుండా, విడివిడి రంగుల సన్నటి గీతలను పక్కపక్కన వేస్తూ పర్వతాల మీది వెలుతురును పట్టుకున్నాడు. 1899లో పోంట్రెజీనా ఊరి పైనున్న షాఫ్‌బెర్గ్ కొండ మీద చిత్రం వేస్తూ ఉండగానే జబ్బుపడి, 41 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశాడు. అప్పుడు వేస్తున్న మూడు భాగాల మహాచిత్రం సెయింట్ మోరిట్జ్‌లో 1908లో తెరిచిన ఆయన మ్యూజియంలో ఉంది. మలోయా కనుమ దిగితే బెర్గెల్ లోయ వస్తుంది. చిత్రకారుడు జొవాన్ని జాకొమెట్టి, ఆయన కొడుకు, సన్నటి పొడవాటి మనుషుల శిల్పాలతో ప్రపంచానికి తెలిసిన అల్బెర్తో జాకొమెట్టి అక్కడివాళ్లే.

అందుకే ఇక్కడి భోజనశాలల్లో స్థానిక కళాకారుల పనులు పెట్టడం ఆ ఇంటివాళ్ల అభిమానానికి గుర్తు. వంట ఆవిరి, పొయ్యి వేడి చిత్రాలకు శత్రువులు కాబట్టి మా గదిలో వాటిని పొయ్యికి దూరంగా, అద్దం వెనుక ఉంచుతాం. ఎవరు వేశారని అడగండి. అడిగితే ఇక్కడివాళ్లు ఎంత సంతోషంగా చెబుతారో! వీలైతే పగలు సెగాంటీని మ్యూజియం చూసి, రాత్రి భోజనానికి రండి.

అపోహ: స్విట్జర్లాండ్‌లో తినాల్సింది ఫాండూ ఒక్కటే.

వాస్తవం: కరిగిన చీజ్‌లో రొట్టె ముంచుకుని తినే ఫాండూ దేశపు పశ్చిమ భాగానిది. 1930ల నుంచి చీజ్ ఉత్పత్తిదారుల సమాఖ్య గట్టిగా ప్రచారం చేశాక అది దేశమంతటి వంటకమైంది. మా దగ్గరా దొరుకుతుంది, బాగుంటుంది కూడా. కానీ ఇంత దూరం వచ్చి ఈ కొండల వంట రుచి చూడకుండా వెళ్లకండి.

నాకు బాగా ఇష్టమైనది కాపున్స్. గుడ్లు, పిండి కలిపిన ముద్దలో మూలికలు, ఎండబెట్టిన మాంసం ముక్కలు వేసి, బీట్‌రూట్ జాతికి చెందిన చార్డ్ ఆకుల్లో చుట్టి, పాలు కలిపిన రసంలో ఉడికిస్తారు. పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండుకునే గోదావరి వాళ్లకు చూడగానే దగ్గరగా అనిపిస్తుంది, కాకపోతే ఇక్కడ ఆకునూ తినేస్తాం. మాలున్స్ ఇంకా సాదా వంట. ఉడికించిన బంగాళాదుంపలను తురిమి, పిండి కలిపి, వెన్నలో సన్నని సెగ మీద ఓపికగా కలుపుతూ వేయిస్తే బంగారు రంగు పలుకులవుతాయి. తోడుగా ఆపిల్ గుజ్జు. తొందరపడితే ముద్దయిపోతుంది, అందుకే వంటవాడి ఓపిక ఎంతో ఈ వంటకంలోనే తేలిపోతుంది. చలిలో తిరిగి వచ్చినవాళ్లకు బార్లీ సూప్ ఉండనే ఉంది.

ఇక్కడ పేరుమోసిన వాల్‌నట్ తీపి టార్ట్ ఈ నేల పంట అనుకుంటారు. ఇంత ఎత్తులో వాల్‌నట్ చెట్లే పెరగవు. పూర్వం ఈ ప్రాంతం వాళ్లు మిఠాయి పని కోసం వెనిస్ లాంటి నగరాలకు వలస వెళ్లేవారు. 1766లో వెనిస్ ప్రభుత్వం వాళ్లను వెళ్లగొట్టాక ఐరోపా అంతటా చెదిరిపోయారు. ఈ లోయలోని మిఠాయి పనితనానికి ఆ వలస అనుభవం మూలం.

అపోహ: మాంసం లేదంటే అది శాకాహారమే. లేదా, శాకాహారులకు ఇక్కడ ఏమీ దొరకదు.

వాస్తవం: రెండూ తప్పే. బార్లీ సూప్‌లో సాధారణంగా ఎండు మాంసమో పంది మాంసమో పడుతుంది. కాపున్స్‌లో ఉంటుందని పైన చెప్పాను. బంగాళాదుంప రోస్టీని కొందరు పంది కొవ్వుతో వేయిస్తారు. చీజ్ సంగతి మరీ ముఖ్యం. గ్రూయేర్ లాంటి సంప్రదాయ చీజ్‌లకు పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. నిష్ఠగా ఉండేవాళ్లు ఇది తెలుసుకుని నిర్ణయించుకోవాలి. మొహమాటపడకుండా అడగండి. మాలున్స్, మాంసం లేని కాపున్స్, కూరగాయలతో పిజోకెల్ అనే ఉడికించిన పిండి ముక్కలు చేసిపెట్టడం మాకు కష్టమేమీ కాదు. ముందురోజే ఫోను చేస్తే ఇంకా మేలు.

అపోహ: చలికి మద్యం తప్పనిసరి, ఫాండూతో నీళ్లు తాగితే కడుపులో చీజ్ గడ్డకడుతుంది.

వాస్తవం: మద్యం తాగితే చర్మం కింది రక్తనాళాలు విప్పారి వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి ఒంట్లోని వేడి త్వరగా బయటికి పోతుంది. ఇక ఫాండూ మాటకొస్తే, జ్యూరిక్ వైద్యులు దాంతో వైన్ తాగితే ఎలా ఉంటుందో, టీ తాగితే ఎలా ఉంటుందో పోల్చి పరీక్షించి 2010లో ప్రచురించారు. వైన్ తాగినప్పుడే పొట్ట ఖాళీ కావడం ఆలస్యమైంది. వేడి టీ హాయిగా తాగండి. అయితే ఫాండూ గిన్నెలోనే వైన్ ఉంటుందనీ, ఉడికినంత మాత్రాన అది పూర్తిగా ఆవిరైపోదనీ గుర్తుంచుకోండి. వైన్‌లోని పులుపే చీజ్‌ను ఉండకట్టకుండా ఉంచుతుంది. వద్దనుకునేవాళ్లకు ఆపిల్ రసం, కొంచెం నిమ్మరసంతో చేయవచ్చు.

అపోహ: ఇక్కడివాళ్లకు అన్నం, పప్పు వండటం రాదు.

వాస్తవం: సెయింట్ మోరిట్జ్ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు సుమారు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో అంతకు మించి వేడెక్కవు. పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, అన్నం పలుకుగా మిగులుతుంది. అద్దె ఇళ్లలో వండుకునేవాళ్లు ప్రెషర్ కుక్కర్ వెంట తెచ్చుకుంటే సమస్య తీరుతుంది.

అపోహ: స్కీయింగ్ రానివాళ్లకు కొండ మీది భోజనశాలల్లో చోటు లేదు.

వాస్తవం: 2,456 మీటర్ల ఎత్తులోని ముఓట్టాస్ మురాల్‌కు 1907 నుంచి కేబుల్ రైలు నడుస్తోంది. కార్లకు అనుమతి లేని రోజెగ్ లోయలోకి పోంట్రెజీనా నుంచి గుర్రపు బండి వెళుతుంది, నడిచే దారి కూడా ఉంది. మంచులో జారని అడుగు ఉన్న బూట్లుంటే చాలు. కిందికి వచ్చే చివరి బండి సమయం మాత్రం ఎక్కేటప్పుడే చూసుకోండి.

అపోహ: బిల్లు మీద టిప్పు తప్పనిసరి.

వాస్తవం: 1974 నుంచి సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటోంది, పన్ను కూడా అంతే. నచ్చితే పై అంకెకు సరిచేసి ఇస్తారు, అంతకు మించి ఎవరూ ఆశించరు. కుళాయి నీళ్లకు కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు. మనవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది వేళల దగ్గర. చాలాచోట్ల మధ్యాహ్నం రెండు తర్వాత వంటగది మూసి, సాయంత్రం ఆరు ప్రాంతంలో మళ్లీ తెరుస్తారు. రాత్రి తొమ్మిది దాటితే వేడి భోజనం దొరకడం కష్టం. మూడింటికి పిల్లలతో ఆకలిగా వస్తే, మా దగ్గర అప్పటికి టార్టు, టీ మాత్రమే ఉంటాయి.