ఉప్పునీరు మోసుకొచ్చిన జింకు

ఒడిశాలోని గంజాం జిల్లా హుమ్మా ఉప్పుమళ్ల గట్టున ఉన్న షెడ్డు రేకును గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతుంది. లోపలికి, బరంపురంలో, ఏళ్ల తరబడి నిలిచే రేకు ఇక్కడ తొందరగా తుప్పు పడుతుంది. ఉప్పుగాలి రేకును తినేస్తుందని ఇక్కడి తెలుగువాళ్లు అనే మాట రసాయనికంగానూ నిజమే. ఇనుముకు కాపుగా పూసిన జింకును ఉప్పులోని క్లోరైడు పట్టుకుంటుంది. సీసం, జింకు గనులు ఏర్పడటం వెనక ఉన్నది కూడా ఈ గుణమే. ఆ సంగతి తేలడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

లోహపు గనులంటే శిలాద్రవం పనే అని చాలామంది అనుకునేవారు. కానీ అమెరికాలో మిసిసిపీ లోయ సున్నపురాళ్లలో సీసం, జింకు విస్తారంగా దొరికాయి. దగ్గర్లో శిలాద్రవం జాడ లేదు. 1858లో ఇంగ్లండు భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ సార్బీ, స్ఫటికాల్లో చిక్కిన నీటిబుడగలను మైక్రోస్కోపులో చూసి, రాయి ఎంత వేడిలో పుట్టిందో అవే చెబుతాయన్నాడు. 1960ల్లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త ఎడ్విన్ రోడర్ అలాంటి బుడగలను గడ్డకట్టించి, మళ్లీ కరిగించి చూశాడు. ఉప్పు ఎంత ఎక్కువుంటే మంచు అంత తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. లెక్క చూస్తే ఆ నీరు సముద్రపు నీటికన్నా అయిదారు రెట్లు ఉప్పన! వేడి సుమారు 100 నుంచి 150 డిగ్రీలు. అదే దశాబ్దంలో కాలిఫోర్నియాలో సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సు దగ్గర తవ్విన లోతైన బావిలోంచి వేడి ఉప్పునీరు వచ్చి, పైపుల్లో రాగి, వెండి ఉన్న పెచ్చులు పేరుకున్నాయి. ఎర్రసముద్రం అడుగున, రెండు కిలోమీటర్ల లోతులో, వేడి ఉప్పునీటి మడుగు, దాని కింద జింకు ఉన్న బురద బయటపడ్డాయి.

అంత చిక్కటి నీరు ఎలా తయారవుతుందో హుమ్మాలో కళ్లెదుటే కనిపిస్తుంది. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటుంది. మడి నుంచి మడికి పారి, ఎండకు చిక్కబడుతుంటే ముందు జిప్సం అడుగున పొరకడుతుంది. దాదాపు పదోవంతుకు ఇగిరాక ఉప్పు రాలుతుంది. చివరికి చేదునీరు మిగులుతుంది. కోట్ల ఏళ్ల కిందట ఎండిన సముద్రాల్లోనూ ఇదే జరిగింది. ఆ బరువైన నీరు నేలలోకి దిగి, వేడెక్కి, వందల కిలోమీటర్లు నడుస్తూ మామూలు రాళ్లలో అణువంత ఉన్న సీసాన్ని, జింకును క్లోరైడుతో లాక్కుంది.

మోసుకెళ్లడం ఒక ఎత్తు, దించడం ఇంకో ఎత్తు. గంధకం తగినంత తగిలితేనే లోహం రాలుతుంది. ఆ గంధకం చాలాచోట్ల పాత జిప్సంలోంచే వచ్చింది. బ్యాక్టీరియానో, వేడికి చమురులాంటి సేంద్రియ పదార్థమో దాన్ని హైడ్రోజన్ సల్ఫైడుగా, అంటే కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువుగా, మార్చింది. సున్నపురాతి బొరియల్లో ఆ వాయువూ, లోహం మోసుకొచ్చిన నీరూ కలిసినచోట జింకు స్ఫాలరైటు అనే ఖనిజంగా, సీసం గెలీనా అనే ఖనిజంగా గడ్డకట్టాయి. నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురం ఇదే: ఒకే ఉప్పుమడి అటు బండినీ, ఇటు దిగే రేవునూ తయారుచేసింది.

2009లో ఉత్తర అర్కాన్సాస్, ఐర్లండు గనుల స్ఫాలరైటు బుడగల్లో లోహాన్ని నేరుగా కొలిచారు. కొన్నింటిలో అంతకుముందు అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తేలింది. అంటే ఏ ఉప్పునీరైనా చాలదు, లోహం బాగా పట్టిన నీరు వచ్చిన రోజుల్లోనే గని వేగంగా నిండి ఉండొచ్చు.