ఆటిజం: పిల్లలను చూడటం నేర్చుకుంటున్న శాస్త్రం

ఏడాదిన్నర పాపకు ఆరుబయట అన్నం తినిపిస్తూ తల్లి "అదిగో చందమామ" అని వేలు చూపిస్తుంది. పాప ఆ వేలి వెంట పైకి చూస్తుంది. అక్కడితో ఆగదు, చూపు దించి అమ్మ ముఖంలోకి చూస్తుంది. తను చూసిందాన్ని అమ్మ కూడా చూసిందో లేదో తేల్చుకోవాలి కదా! ఇంకొన్నాళ్ళకు తనే వేలెత్తి కాకిని, కుక్కపిల్లను, రోడ్డు మీద బస్సును చూపించడం మొదలుపెడుతుంది. అవి కావాలని కాదు, చూడమని. మాటలు రాకముందే పసిపిల్లలు నేర్చే ఈ పనిని మనస్తత్వ శాస్త్రంలో ఉమ్మడి అవధానం అంటారు. ఆటిజం అంటే మనుషులతో మెలగడం, మాట, ప్రవర్తన పుట్టుకతోనే వేరే తీరులో ఎదగడం. అది ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ ఉమ్మడి అవధానం ఆలస్యంగా వస్తుంది, లేదా తక్కువగా కనిపిస్తుంది. బిస్కెట్ల డబ్బా కావాలంటే అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడిదాకా లాక్కెళ్ళే పిల్లవాడు, ఎగిరే పిట్టను చూపించడానికి మాత్రం వేలెత్తకపోవచ్చు.

ఆటిజం నిర్ధారణ మొత్తం ఇలాంటి చిన్న చిన్న సంగతులను గమనించడం మీదే ఆధారపడి ఉంది. దీనికి రక్తపరీక్ష లేదు. స్కానింగ్‌లో కనిపించదు. జన్యువుల పాత్ర చాలా ఎక్కువని తెలుసు, సంబంధం ఉన్న జన్యువులను వందల్లో గుర్తించారు కూడా. కానీ జన్యు పరీక్ష ఒక్కటే చేసి "ఉంది", "లేదు" అని చెప్పడం కుదరదు. ఈ విషయంలో శిక్షణ ఉన్న మనిషి పిల్లవాడితో కూర్చుని ఆడాలి, తల్లిదండ్రులను అడగాలి, ఓపికగా చూడాలి. గత ఎనభై ఏళ్ళ ఆటిజం పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ చూడటాన్ని నమ్మదగినదిగా, అందరికీ అందేదిగా మార్చాలన్న ప్రయత్నం.

ఆ చూపు మొదట్లో చాలా తప్పుగా ఉండేది. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్య ప్రపంచం దృష్టికి బలంగా వచ్చింది. అంతకు చాలా ముందే, 1920లలో, సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇలాంటి పిల్లలనే శ్రద్ధగా వర్ణించినా ఆమె రాతలను పట్టించుకున్నవారు తక్కువ. కానర్ వ్యాసం తర్వాత రెండు దశాబ్దాల పాటు, తల్లి ప్రేమగా దగ్గరకు తీయకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారనే వాదం రాజ్యమేలింది. ఎందరు తల్లులు ఆ నింద మోశారో! 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రటర్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో 21 జతల కవలలను పరిశీలించారు. అచ్చుగుద్దినట్టుండే, అంటే జన్యువులూ ఒకటే అయిన, కవలలు 11 జతలైతే, వాటిలో 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. మామూలు కవలల 10 జతల్లో అలాంటి జత ఒక్కటీ లేదు. చిన్న అధ్యయనమే, కానీ తల్లి మీద మోపిన నింద దానితో కూలడం మొదలైంది. మన ఇళ్ళలో మాత్రం అది ఇంకా పూర్తిగా పోలేదు. ఉద్యోగానికి వెళ్ళావు, ఫోన్ ఇచ్చావు, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావు అని కోడలిని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సెల్‌ఫోన్ ఎక్కువ చూస్తే పిల్లల నిద్రకూ మాటలకూ నష్టమే, ఆ జాగ్రత్త అవసరం. అయితే ఫోన్ చూడటం వల్ల వస్తుందని చెప్పే "వర్చువల్ ఆటిజం" అనే జబ్బు ఏ అంతర్జాతీయ వైద్య జాబితాలోనూ లేదు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న అనుమానం సంగతైతే తేలిపోయింది. ఆ అనుమానం రేపుతూ 12 మంది పిల్లల మీద 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ఏ సంబంధమూ కనిపించలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ వేలి దగ్గరికి వద్దాం. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ప్రపంచమంతా వాడుతున్న ఎం-చాట్ అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలుంటాయి. మీరు గదిలో అటువైపున్న వస్తువును వేలితో చూపిస్తే పిల్లవాడు అటు చూస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? ఉత్తుత్తి ఆటలు, అంటే ఖాళీ కప్పుతో తాగినట్టు, ఆడతాడా? తల్లిదండ్రులు అవును, కాదు అని చెబితే చాలు. అనుమానాలు 3 నుంచి 7 వరకు ఉంటే ఆ జవాబులనే మళ్ళీ విడమరిచి అడుగుతారు. 8 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే నేరుగా పరీక్షకు పంపుతారు. అమెరికాలో 16 వేల మంది పిల్లలతో దీన్ని పరీక్షించిన ఫలితాలు 2014లో వచ్చాయి. రెండో విడత ప్రశ్నల తర్వాత కూడా అనుమానం మిగిలినవారిలో దాదాపు సగం మందికి ఆటిజం ఉన్నట్టు తేలింది. మిగతా సగంలో దాదాపు అందరికీ ఎదుగుదలలో ఏదో ఒక ఇబ్బంది ఉంది. దీన్నిబట్టి మన కుటుంబాలు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. పరీక్షకు వెళితే ఆటిజం కాదని తేలవచ్చు, కానీ ఆ వెళ్ళడం దాదాపు ఎప్పుడూ వృథా కాదు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు వచ్చాయి" అన్న ధైర్యవచనం ప్రేమతో చెప్పిందే అయినా, దాని వల్ల పిల్లవాడి వయసులో రెండేళ్ళు కరిగిపోతాయి.

ప్రశ్నావళి జల్లెడ మాత్రమే. నిర్ధారణకు పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా వాడేది అడోస్ అనే పద్ధతి. పైకి చూస్తే అది ఆటే: బుడగలు ఊదుతారు, బొమ్మకు పుట్టినరోజు చేస్తారు, పిల్లవాడికి కావలసింది అందకుండా ఉంచి ఎలా అడుగుతాడో చూస్తారు. ఆడుతున్నంతసేపూ నిపుణురాలు పిల్లవాడి ప్రతి చూపునూ సైగనూ లెక్కలోకి తీసుకుంటుంది. చాలా మంచి పద్ధతి. కానీ ఆ పెట్టె ఖరీదెక్కువ, శిక్షణ ఖరీదెక్కువ, అది తెలిసినవారు మన దగ్గర పెద్ద నగరాల్లోనే దొరుకుతారు.

అందుకే దేశంలోనే తయారైన సాధనాల గురించి తెలుగువారు తెలుసుకోవాలి. వాటిలో ఒకటి మన గడ్డ మీదే రూపుదిద్దుకుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఒకప్పుడు నిమ్హ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ) తయారు చేసిన ఇసా అనే ఆటిజం కొలమానంలో 40 అంశాలుంటాయి. సామాజిక సంబంధాలు, భావోద్వేగాలు, భాష, ప్రవర్తన, ఇంద్రియ స్పందనలు, ఆలోచన అనే ఆరు విభాగాలుగా వాటిని అమర్చారు. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు స్వల్పమని, 107 నుంచి 153 వరకు మధ్యస్థమని, ఆపైన తీవ్రమని లెక్క. వైకల్య ధ్రువీకరణ పత్రానికి ఈ కొలమానమే ఆధారమవుతూ వచ్చింది. ఇంకొకటి ఇన్‌క్లెన్ అనే వైద్య పరిశోధన సంస్థ 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల కోసం అనేక భారతీయ భాషల్లో తయారుచేసిన పద్ధతి. 2018లో ప్రచురితమైన ఆ సంస్థ సర్వే కాంగ్రా, పల్వల్, ఢెంకనాల్, ఉత్తర గోవాతో పాటు హైదరాబాద్‌లోనూ జరిగింది. ఆ ప్రాంతాల్లో దాదాపు ప్రతి 8 మంది పిల్లల్లో ఒకరికి వినికిడి, చూపు, మూర్ఛ, ఆటిజం వంటి నాడీ సంబంధ ఎదుగుదల సమస్య కనీసం ఒకటి ఉందని తేలింది. ఆటిజం ఒక్కటే చూస్తే నూటికి ఒకరు. వీధి వీధినా ఉన్నారన్నమాట, మనకు కనిపించడం లేదంతే.

అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 2000లో 150 మందికి ఒకరుగా ఉన్న లెక్క 2022కల్లా 31 మందికి ఒకరైంది. చాలామంది దీన్ని విని భయపడతారు. నిర్వచనం విశాలమవడం, ఉపాధ్యాయులు, వైద్యులు గుర్తుపట్టడం నేర్చుకోవడం, ఇన్నాళ్ళూ తప్పిపోయిన ఆడపిల్లలు లెక్కలోకి రావడం ఈ పెరుగుదలలో పెద్ద భాగం. ఆడపిల్లల విషయం మన సమాజానికి మరీ వర్తిస్తుంది. నెమ్మదిగా ఓ మూల కూర్చునే ఆడపిల్లను మనం బుద్ధిమంతురాలంటాం. తోటివారిని చూసి నవ్వాల్సిన చోట నవ్వడం నేర్చుకుని, ఇంటికొచ్చాక అలసిపోయి ఏడ్చే అమ్మాయిలు ఉంటారని పరిశోధకులు ఈమధ్యనే వినడం మొదలుపెట్టారు.

చూసే పనిని యంత్రానికి అప్పగించలేమా? ఆమీ క్లిన్, వారెన్ జోన్స్ అనే అమెరికా పరిశోధకులు పసికందుల చూపు ఎటు వెళ్తోందో కెమెరాతో నెలనెలా కొలిచి 2013లో ఆశ్చర్యకరమైన సంగతి చెప్పారు. తర్వాత ఆటిజం నిర్ధారణ అయిన పిల్లలు కూడా రెండో నెలలో మనుషుల కళ్ళలోకి మామూలుగానే చూశారు. 2 నుంచి 6 నెలల మధ్య ఆ చూపు నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. ఈ పునాది మీద వారు తయారుచేసిన పరికరానికి 2022లో అమెరికా అనుమతి వచ్చింది. పిల్లలు కాసేపు వీడియోలు చూస్తుంటే అది వాళ్ళ కళ్ళను చదువుతుంది. ఆరు ఆసుపత్రుల్లో 475 మంది పిల్లలతో చేసిన పరీక్షలో, నిపుణులు ఆటిజం ఉందన్నవారిలో 71 శాతం మందిని అది పట్టుకుంది. లేనివారిలో 81 శాతం మందికి సరిగ్గా లేదంది. నిపుణుడు దొరకని చోట ఇది చేయూత అవుతుందనే నమ్ముతాను. కానీ నూటికి 29 మందిని వదిలేసే పరికరం చెప్పిందే చివరి మాట అని ఏ ఆసుపత్రి అయినా మనకు అమ్మజూపితే ఒప్పుకోకూడదు.

ఇక సహాయం సంగతి. నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడుంది. మాంచెస్టర్‌లో జోనథన్ గ్రీన్ బృందం పాక్ట్ అనే పద్ధతిని తీసుకొచ్చింది. ఇందులో థెరపిస్టు పిల్లవాడికి పాఠం చెప్పదు. తల్లి, బిడ్డ కలిసి పదినిమిషాలు ఆడుకుంటుంటే వీడియో తీస్తుంది. తర్వాత తల్లితో కలిసి ఆ వీడియో చూస్తుంది. ఎక్కడ పిల్లవాడు క్షణంపాటు తల్లివైపు తిరిగాడో, ఏ శబ్దంతో ఏదో చెప్పబోయాడో, ఆ ముక్క దగ్గర ఆపుతారు. "ఇప్పుడు వాడు కారు చక్రం తిప్పుతున్నాడు. మీరు అదే సమయంలో 'ఇదేం రంగు?' అని అడిగారు" అని చూపిస్తారు. తల్లికి తనంతట తనకే వెలుగుతుంది: వాడి మనసు చక్రం మీద ఉంటే తన మాట రంగు మీద ఉంది. మరుసటి వారం ఆమె పక్కన కూర్చుని "తిరుగుతోంది, తిరుగుతోంది" అంటుంది, ఆగి ఎదురుచూస్తుంది. పిల్లవాడు తల ఎత్తుతాడు.

152 మంది పిల్లలతో చేసిన ఈ పరీక్ష ఫలితాలు 2010లో వచ్చినప్పుడు కొందరు నిరాశపడ్డారు. తల్లిదండ్రుల తీరు బాగా మారింది, ఆటిజం లక్షణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దాదాపు ఆరేళ్ళ తర్వాత ఆ పిల్లల్లో 121 మందిని మళ్ళీ కలిశారు. పాక్ట్ అందుకున్నవారిలో 46 శాతం, అందుకోనివారిలో 63 శాతం తీవ్ర లక్షణాల విభాగంలో ఉన్నారు. ఆందోళన వంటి ఇబ్బందుల్లో రెండు గుంపులకూ తేడా లేదు. ఇది అద్భుతమేమీ కాదు. కానీ చిన్నప్పుడు ఇంట్లో వేసిన విత్తు ఆరేళ్ళ తర్వాతా నిలబడిందని ఇంత గట్టి పరీక్షలో తేలడం ఆటిజం పరిశోధనలో అరుదు.

దీన్నే గోవాలో సంగాత్ అనే మానసిక ఆరోగ్య సంస్థ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో మరో బృందం మన ఇళ్ళకు తగ్గట్టు మార్చారు. నిపుణులకు బదులు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు 65 కుటుంబాల్లో సగానికి ఇంటికే వెళ్ళి ఆరు నెలల్లో 12 విడతలు ఈ పని చేశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. తల్లిదండ్రులు పిల్లవాడి దృష్టిని అనుసరించడం బాగా పెరిగింది, పిల్లలు తామై చొరవ తీసుకుని పలకరించడమూ పెరిగింది. ఇద్దరి దృష్టీ ఒకే వస్తువు మీద నిలిచిన సమయం మాత్రం తగ్గింది, దాన్నీ దాచకుండా రాశారు. స్పీచ్ థెరపిస్టు లేని మండలాలు వందలున్న మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల టీచర్లకు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఈ శిక్షణ ఎందుకు ఇవ్వకూడదు? నిర్ధారణ పత్రం చేతికొచ్చేదాకా ఇది ఆగనక్కర్లేదు కూడా. తల్లి బిడ్డ దృష్టిని అనుసరించడం వల్ల ఆటిజం లేని పిల్లవాడికీ నష్టమేమీ లేదు.

భాష విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. డల్లాస్‌లోనో, హైదరాబాద్‌లోనో, "ఇంట్లో ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే బాబు గందరగోళపడతాడు" అన్న సలహా విని, తమకే సరిగా రాని భాషలో బిడ్డను లాలిస్తున్న తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. ఆ సలహాకు ఆధారం లేదు. మాంట్రియల్‌లో ఆటిజం ఉన్న 75 మంది పిల్లల మీద చేసిన 2012 నాటి అధ్యయనంలో రెండు భాషల ఇళ్ళ పిల్లలు భాషలో వెనకబడలేదు. ఆ తర్వాతి పరిశోధనలూ అదే చెబుతున్నాయి. అమ్మమ్మతో మాట్లాడే భాషే లేకుండా చేస్తే, మనుషులతో సంబంధం కష్టమయ్యే పిల్లవాడికి ఇంకో మనిషిని దూరం చేసినట్టే. అలాగే బొమ్మల కార్డులు గానీ, ట్యాబ్‌లో మాట్లాడే యాప్ గానీ ఇస్తే ఇక మాటలు రావన్న భయమూ నిజం కాదు. వాటి వల్ల మాటలు తగ్గినట్టు పరిశోధనలు చూపలేదు, కొందరిలో కాస్త పెరిగాయి.

స్టెమ్ సెల్స్ (మూలకణాల) చికిత్స పేరుతో లక్షలు గుంజే చోట్లకు మాత్రం దయచేసి వెళ్ళకండి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫార్సు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ పరిధిలోని నైతిక మండలి 2022లోనే చెప్పింది.

ఇన్నాళ్ళూ ఆటిజం ఉన్నవారు చూడబడేవారే. ఇప్పుడు వారిలో పెద్దవారైనవారు మాట్లాడుతున్నారు, పరిశోధకులూ అవుతున్నారు. మిక్సర్ చప్పుడుకు చెవులు మూసుకోవడం, కొత్త చొక్కా మెడ పట్టీని పీకేయడం ఒకప్పుడు మొండితనంగా కనిపించేవి. ఇంద్రియాల ఈ తీవ్రతను అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ ప్రమాణాల్లో చేర్చింది 2013లోనే. తానే ఆటిస్టిక్ అయిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక వాదన ముందుకు తెచ్చారు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపుదే కాదు, మామూలు మనుషులకూ ఆటిస్టిక్ మనిషి మనసు అందడం లేదు. పిల్లవాడు చేతులు ఆడిస్తుంటే ఆపించడమే గొప్ప ఫలితంగా లెక్కించిన పాత థెరపీలను ఈ ఆటిస్టిక్ పెద్దలు నిలదీస్తున్నారు. అలా ఆడించడం వాడికి ఊరటనిస్తోందా అని ముందు అడగమంటున్నారు. ఇది న్యాయమైన ప్రశ్నే.

పరిశోధనల్లో ఎక్కువ భాగం ఆరేళ్ళ లోపు పిల్లల మీదే జరుగుతోంది. వారు పెద్దవారయ్యాక ఏ పని చేయగలరు, ఎక్కడ ఉంటారు, "మా తర్వాత వీడికి ఎవరు?" అన్న ప్రశ్నకు సమాధానం వెతికే అధ్యయనాలు చాలా తక్కువ. చట్టం కొంత దారి చూపింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, 18 ఏళ్ళు నిండిన ఆటిజం వ్యక్తికి చట్టబద్ధ సంరక్షకుడిని నియమించే స్థానిక కమిటీ జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉంటుంది. అదే ట్రస్టు నిరామయ పేరుతో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇస్తుంది, థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది. ధ్రువీకరణ పత్రం చేతిలో ఉన్న తల్లిదండ్రులు నిరామయకు, పిల్లలకు 18 నిండితే సంరక్షకుడి నియామకానికీ ఈ ఏడాదే దరఖాస్తు పెట్టుకోవచ్చు.